బిల్లు దొరకడం లేదు. మిక్సీ పాడైంది, చీర నచ్చలేదు. షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారా?

కొత్తింటి అక్క (తెనాలి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలి గృహప్రవేశానికి గుంటూరులో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి మూడు జార్ల మిక్సీ, 4,350 రూపాయలు. ఇంకొకటి వాళ్ల అత్తగారికి పట్టుచీర, వేరే షాపులో. కొని ఇంకా నెల కాలేదు.

వచ్చిన బహుమతులన్నీ ఫంక్షన్ అయ్యాక అటక ఎక్కించారు. మొన్న ఆదివారం మిక్సీ కిందికి దించి పెసరట్టు పిండి వేస్తే, పెద్ద జారు అడుగు నుంచి నీళ్లు కారి, కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. వారంటీ కార్డు అట్టపెట్టెలోనే ఉంది గానీ, డీలర్ ముద్ర వేయాల్సిన చోటు ఖాళీ. బిల్లు షాపువాళ్లిచ్చిన గుడ్డ సంచిలో ఉండేది. ఆ సంచిలో తాంబూలం పెట్టి ఎవరికో ఇచ్చేశారట. ఆ చుట్టం ఎవరో మా చెల్లెలికీ గుర్తులేదు.

షాపుకి వెళ్తే కౌంటర్‌లో అబ్బాయి "బిల్లు లేకుండా ఇది మా దగ్గరే కొన్నారని ఏంటి గ్యారంటీ మేడమ్? ఈ మోడల్ ఊరంతా దొరుకుతుంది" అన్నాడు. వెనకాల గోడ మీద బోర్డు చూపించాడు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు." డబ్బు ఫోన్‌లోనే కట్టాను. చూపిద్దామని తీస్తే అందులో షాపు పేరు లేదు, ఎవరో మనిషి పేరు ఉంది. అది చూసి ఆ అబ్బాయికి ఇంకా ధైర్యం వచ్చింది.

చీరకేమో లోపం ఏమీ లేదు. నల్లంచు. "గృహప్రవేశానికి నల్లంచు పెడతారా ఎవరైనా" అని అత్తగారు మడత కూడా విప్పలేదు. ఫాల్ కుట్టించలేదు, ట్యాగ్ అలాగే ఉంది. దాని బిల్లు కూడా ఆ సంచితోనే పోయింది.

రెండింటికీ ఏమైనా దారి ఉందా? మా వారు వదిలెయ్యమంటున్నారు. నాకు మాత్రం ఆ అబ్బాయి నవ్విన నవ్వు చూసి వదలబుద్ధి కావడం లేదు.

టైమ్ వేస్ట్

షాపుతో గొడవ దండగండీ. అట్టపెట్టె మీద కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ ఉంటుంది, వాళ్లకి ఫోన్ చెయ్యండి. చీర ఇంకెవరికైనా పెట్టుబడికి పనికొస్తుంది.

పాత క్యాషియర్ (విజయవాడ)

అమ్మా, నేను ఒక గృహోపకరణాల షాపులో మొదట బిల్లింగ్ కౌంటర్ మీద, ఆ తర్వాత అక్కడే లెక్కల దగ్గర, జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఇప్పుడు మనవడిని స్కూలు బస్సు ఎక్కించే ఉద్యోగం. కౌంటర్ అవతల కూర్చున్న మనిషిగా నాలుగు మాటలు చెప్తాను. పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

ముందు మిక్సీని తిరగేసి చూడండి. చాలా మోడళ్లలో అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలకుండా అది బయటికి తన్ని కరెంటు ఆపేస్తుంది. చల్లారాక నొక్కితే మళ్లీ తిరుగుతుంది. "చచ్చిపోయింది" అని మా షాపుకి మోసుకొచ్చిన మిక్సీల్లో చాలావాటికి అదే వైద్యం. కొత్త మోటారు మొదట్లో వార్నిష్ వాసన కొట్టడం కూడా మామూలే. ఇవి తెలియకుండా వెళ్తే, కౌంటర్‌లో వాడు బటన్ నొక్కి తిప్పి చూపించి, పదిమంది ముందు మిమ్మల్ని చిన్నబుచ్చి పంపుతాడు.

జారు అడుగు నుంచి నీళ్లు కారడం మాత్రం మామూలు కాదు. ఆ తడి కప్లర్ (జారు కూర్చునే చోట తిరిగే చక్రం) దగ్గర నుంచి మోటారులోకి దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కాబట్టి బటన్ నొక్కడం కూడా మీరు చెయ్యొద్దు, ఉందో లేదో చూసి పెట్టుకోండి, చాలు. ప్లగ్గు పెట్టకండి. జారుని విడిగా తీసి, సగం నీళ్లు పోసి, పొడి ప్లేటులో కాసేపు పెట్టి ఫోన్‌లో వీడియో తీయండి. ప్లేటులో నీళ్లు కనపడ్డాయంటే మీరు సరిగా వాడలేదనే మాటకి ఇక చోటు లేదు. మిక్సీ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. దాన్నీ, అట్టపెట్టె మీద తయారైన నెల, ఏడాది అచ్చేసిన చోటునీ ఫోటో తీయండి. అట్టపెట్టె పారేయకండి.

ఇక బిల్లు. మీ దగ్గర కాగితం లేదు, అంతే. షాపు దగ్గర లేదని కాదు కదా. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి వ్యాపారీ తన బిల్లులు, లెక్కలు ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచి ఉంచాలి. నెల కూడా కాని బిల్లు కంప్యూటర్‌లో లేదంటే నేను నమ్మను.

కాకపోతే అడిగే పద్ధతి ఉంది. మీ పేరు చెప్పి వెతకమంటే దొరకదు. 50,000 లోపు అమ్మకానికి మామూలు కొనుగోలుదారు పేరు, చిరునామా బిల్లు మీద రాయాలని జీఎస్టీ పట్టుబట్టదు. అడిగి రాయించుకుంటే తప్ప అందరినీ "క్యాష్" అనే ఒకే పేరు కింద కొట్టేస్తారు. తేదీ, సమయం, మొత్తం చెప్పి వెతకమనండి. మీరు కట్టిన సమయం నిమిషంతో సహా మీ ఫోన్‌లో ఉంది. ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబర్, అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబర్, కనిపిస్తుంది, అదే నంబర్ వాళ్ల ఖాతాలోనూ ఉంటుంది. ఆ రోజు 4,350కి ఎన్ని బిల్లులు కొట్టి ఉంటారు చెప్పండి.

మనిషి పేరు కనిపించడం గురించి. చిన్న, మధ్యరకం షాపుల్లో క్యూఆర్ కోడ్ యజమాని పేరు మీదో, ఆయన భార్య పేరు మీదో ఉండటం కొత్తేమీ కాదు. ఈసారి వెళ్లినప్పుడు కౌంటర్ మీది కోడ్‌ని మళ్లీ స్కాన్ చేయండి, డబ్బు పంపకుండా. అదే పేరు వస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ అబ్బాయి ధైర్యం అక్కడితో సరి.

ఇంకొకటి అడగాలి. మీకిచ్చిన కాగితం ఎలా ఉందో గుర్తుందా? జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్ అచ్చేసి ఉన్నాయా, లేక తెల్ల చీటీ మీద "ఎస్టిమేట్" అని ఉందా? ఎందుకంటే "పక్కా బిల్లు కావాలంటే జీఎస్టీ అదనంగా పడుతుంది" అని చెప్పి కచ్చా చీటీ చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. అట్టపెట్టె మీది ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దాని మీద ఇంకో పైసా అడిగే హక్కు ఎవరికీ లేదు. మీది అలాంటి చీటీ అయితే చెప్పండి, కథ వేరేగా ఉంటుంది, అదీ మీకు అనుకూలంగానే.

చట్టం సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, మీ ధైర్యానికి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) చూడండి. అనుచిత వ్యాపార పద్ధతులు ఏవేవో అందులో రాశారు. వస్తువు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం అందులో ఒకటి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం ఇంకొకటి. లోపమున్న వస్తువు విషయంలో గోడ మీది ఆ బోర్డు ఈ సెక్షన్‌కి అడ్డు రాదు. మీకు నెల కాలేదన్నారు కాబట్టి ఈ వారమే కదలండి.

చీర సంగతి వేరు. అందులో లోపం లేదు. రంగు నచ్చలేదనో, అంచు కలిసిరాలేదనో వెనక్కి తీసుకోమని చట్టం ఏ షాపునీ బలవంతపెట్టదు. అది పూర్తిగా వాళ్ల పద్ధతి, వాళ్ల మంచితనం. అక్కడ గట్టిగా మాట్లాడితే పనవదు. ఈ రెండింటినీ ఒకే నోటితో అడగకండి.

చివరిగా, మిక్సీ షాపుకి సాయంత్రం పూట, ఆదివారం పూట వెళ్లొద్దు. పొద్దున తెరిచిన గంటలో వెళ్లండి. యజమాని ఉంటాడు, జనం ఉండరు. వెళ్లగానే "వాపసు తీసుకోండి" అనకండి. "డూప్లికేట్ బిల్లు ఇప్పించండి" అని మాత్రమే అడగండి. వాపసు అనే మాట వినగానే వాళ్ల మొహం మారిపోతుంది. డూప్లికేట్ బిల్లు అయితే ఒక బటన్ నొక్కడమే, జేబులోంచి ఏమీ పోదు. బిల్లు చేతికొచ్చాక రెండో మాట మొదలుపెట్టండి.

ఖమ్మం చీరల కొట్టు

అక్కా, చీర గురించి నేను చెప్తా. మాది చిన్న కొట్టు.

మీరు ఫాల్ కుట్టించలేదు, ట్యాగ్ ఉంది అన్నారు కాబట్టి సగం పని అయినట్టే. చాలా కొట్లలో బిల్లు కంటే ముందు చూసేది ట్యాగే. దాని మీద బార్‌కోడ్‌తో పాటు కొట్టువాళ్ల సొంత గుర్తు ఉంటది, రెండు మూడు అక్షరాలు. కొందరు కొన్న ధరనే ఆ అక్షరాల్లో దాచి రాసుకుంటారు. ఆ గుర్తు చూస్తే మా సరుకా కాదా అన్నది మాకు బిల్లు లేకుండానే తెలుస్తది. తెలిసినా "బిల్లు ఏది" అని అడుగుతం, ఎందుకో చెప్తా.

బతుకమ్మ అయిపోయిన మరుసటి వారం మా కొట్టుకి రండి ఒకసారి. "నచ్చలేదన్నా, మడత కూడా విప్పలేదు" అని చీర తెస్తారు. విప్పి చూస్తే కొంగు మీద తంగేడు పువ్వు పసుపు. చంకల దగ్గర వాసన నేను చెప్పలేను. ట్యాగ్‌ని మళ్లీ దారంతో కుట్టి తెచ్చినామె కూడా ఉంది. వేరే కొట్టులో డిస్కౌంట్‌లో కొని మా దగ్గర పూర్తి ధరకి వాపసు ఇయ్యబోయినోళ్లు ఉన్నారు. పట్టుచీర ఒక్కసారి మడత మారితే మళ్లీ కొత్త చీర లెక్క అమ్మలేం. గద్వాల నుంచో పోచంపల్లి నుంచో తెచ్చిన సరుకుని నేనైనా వెనక్కి పంపగలనా? అందుకే ఆ బోర్డులు. అందరూ మీలాంటోళ్లే అయితే బోర్డు అక్కర్లేదు.

ఇంకా లెక్క బాధ కూడా ఉంది. వాపసు తీసుకుంటే క్రెడిట్ నోట్, అంటే పాత బిల్లు మొత్తం తగ్గించే చీటీ, రాయాలె. ఏ బిల్లుకి రాస్తున్నమో నంబర్ కావాలె. బిల్లు లేకపోతే మా ఆడిటర్ నా ప్రాణం తీస్తడు. అందుకే డబ్బు వాపసు అడగకండి, మార్చుకుంటానని అడగండి. అదే ధరకి వేరే చీర, లేకపోతే కొంచెం ఎక్కువ ధర చీర తీసుకుని తేడా కట్టండి. నాకైతే ఎక్కువ ధర చీర తీసుకుంటానన్న మనిషిని బిల్లు అడగబుద్ధి కాదు, నిజం చెప్తున్న. కొన్న రోజు ఎవరు చీరలు విప్పి చూపించారో గుర్తుంటే ఆ పిల్లనే అడగండి. కౌంటర్ దగ్గరకి పోయే ముందు ఆమె "అవును సార్, నా దగ్గరే తీసుకున్నరు" అంటే చాలు. పండగ రద్దీలో, ఆషాఢం సేల్‌లో మాత్రం పోవద్దు. సేల్ సరుకైతే అసలే మార్చరు.

పాత క్యాషియర్ గారు ఎస్టిమేట్ చీటీల ముచ్చట తీశారు. దాని మీద నేను మాట్లాడితే మా బజారోళ్లే నన్ను తిడతారు. ఆయన చెప్పింది తప్పు కాదు, అంతవరకే అంటా.

డాలస్ నుంచి

ఇక్కడ అమెరికాలో బిల్లు లేకుండా వాపసు ఇవ్వడం మామూలు విషయం కాబట్టి మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు నోరెళ్లబెట్టారు. కాస్ట్‌కోలో మెంబర్‌షిప్ కార్డు చూపిస్తే మనం కొన్నవన్నీ వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటాయి, కాగితం అడగరు. టీవీలు, కంప్యూటర్ల లాంటివాటికి మాత్రం 90 రోజుల గడువు. టార్గెట్‌లో కొన్నప్పుడు వాడిన కార్డు ఇస్తే దాంతో వెతుకుతారు. వాల్‌మార్ట్‌లో రసీదు లేకపోతే డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ఐడీ అడుగుతారు. అలా రసీదు లేకుండా మాటిమాటికీ తెస్తుంటే ఒకరోజు కంప్యూటరే వద్దంటుంది.

కానీ ఇది చట్టం ఇచ్చిన హక్కు అనుకోకండి. నచ్చలేదన్న కారణంతో షాపు వెనక్కి తీసుకోవాలని దేశమంతటికీ వర్తించే చట్టం ఇక్కడా లేదు. పోటీ వల్ల వాళ్లు పెట్టుకున్న పద్ధతి. మనవాళ్లలో కొందరు దీన్ని ఎంత వాడతారంటే, అత్తగారు ఉన్నన్నాళ్లూ పరుపు వాడి ఆమె ఫ్లైట్ ఎక్కిన మర్నాడు వాపసు ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. ఖమ్మం అన్న బాధ అందుకే నాకు అర్థమైంది.

మన దగ్గర కూడా ఫోన్ నంబర్ చెప్తే పాత బిల్లు తీసే షాపులు వచ్చాయి కదా, అందరూ అలా ఎందుకు చేయరు?

పాత క్యాషియర్ (విజయవాడ)

డాలస్ బాబూ, పెద్ద షోరూముల్లో ఉంది. నంబర్ చెప్పగానే కొన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. కాకపోతే నంబర్ ఇవ్వడం మన ఇష్టం. ఇవ్వకపోతే బిల్లు కొట్టం అనడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకి చెప్పింది. మిక్సీ, ఫ్రిజ్ లాంటివి కొన్నప్పుడు నేనైతే నంబర్ ఇవ్వమనే అంటాను. రెండు చెవిపోగులు, ఒక దువ్వెన కొన్నదానికి మాత్రం ఎందుకు? మర్నాటి నుంచి మెసేజీలు తట్టుకోలేం.

కొత్తింటి అక్క (తెనాలి)

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. జారుని ప్లేటులో పెట్టి వీడియో తీశాను, పావుగంటకే నీళ్లు కనిపించాయి. ఎర్ర బటన్ కూడా ఉంది, బయటికి వచ్చి ఉంది. నొక్కలేదు.

పొద్దున పదింటికి వెళ్లాం. నవ్విన అబ్బాయి లేడు, యజమాని ఉన్నారు. డూప్లికేట్ బిల్లు అన్నాను. తేదీ, మొత్తం చెప్తే ఆయనే వెతికారు. బిల్లుల్లో 4,350 లేదు! అప్పుడు ఇంకో పుస్తకం తీశారు, చేత్తో రాసినది. అందులో ఉంది. అంటే మీ అనుమానమే నిజం, నాకిచ్చింది ఎస్టిమేట్ చీటీ. క్యూఆర్ స్కాన్ చేస్తే అదే మనిషి పేరు వచ్చింది, ఆయనే యజమాని.

ఇప్పుడు ఆయన "మా దగ్గరే కొన్నారు, ఒప్పుకుంటున్నాను, మార్చడం మాత్రం నా చేతిలో లేదు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి" అంటున్నారు. సర్వీస్ సెంటర్‌వాళ్లు బిల్లు అడుగుతారు కదా? అడిగితే "చూద్దాం" అన్నారు. ఏం చేయమంటారు?

పాత క్యాషియర్ (విజయవాడ)

మంచి పని చేశారమ్మా. ఆయన ఒప్పుకున్నాక ఇక ఇది బిల్లు పోయిన గొడవ కాదు, బిల్లు ఇవ్వని గొడవ. మీరు అడిగే చోటు నుంచి చెప్పే చోటుకి వచ్చారు.

పక్కా బిల్లు ఇప్పుడైనా ఇవ్వమనండి, డబ్బు కట్టిన యూటీఆర్ నంబర్ రాయించి. దాని మీద ఏముండాలో కూడా నేను చెప్పిన ఆ వినియోగదారుల చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల్లో ఉంది: అమ్మినవారి పేరు, చిరునామా, వరస నంబర్, తేదీ, కొన్నవారి పేరు, వస్తువు వివరం, ఎన్ని, పన్ను ఎంత, సంతకం. సీరియల్ నంబర్ కూడా రాయమనండి, అది మీ మంచికే. వారంటీ కార్డు మీద ముద్ర కూడా వేయించండి. ఆ ఖాళీ గడి చూసి సర్వీస్ సెంటర్‌వాళ్లు వారంటీని తయారైన నెల నుంచి లెక్కగట్టే అవకాశం ఉంది, అలా చేసే కంపెనీలు ఉన్నాయి. మిక్సీ గోడౌన్‌లో పడి ఉన్న నెలలన్నీ మీ ఖాతాలో పోతాయి.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లడం తప్పు కాదు. ఇంజినీర్ చూసి తయారీ లోపం అని జాబ్ షీట్‌లో (సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) రాస్తే, దాన్ని పట్టుకుని డీలర్ కంపెనీ దగ్గర కొత్త పీసు తెప్పించుకోగలడు. మా షాపులో అలాగే చేసేవాళ్లం. నిజంగా డీలర్ జేబులోంచి పోయేది తక్కువ, తిరగడానికి బద్ధకం అంతే. అందుకే "జాబ్ షీట్ నేను తెస్తాను, మార్పించే పూచీ మీది" అని ఆయనతో అనండి. ఆ మాట వాట్సాప్‌లో రాయండి. నోటి మాటకి సాక్ష్యం ఉండదు.

అప్పటికీ నసిగితే 1915కి ఫోన్ చేయండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కంపెనీకి ఫిర్యాదు వెళ్లిందంటే డీలర్‌కి పైనుంచి ఫోన్ వస్తుంది. మా యజమాని అన్ని గొడవలకంటే ఆ ఫోన్‌కే భయపడేవాడు.

దాంతోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. పాత చట్టంలో షాపు ఉన్న చోటే వేయాల్సి వచ్చేది, ఇప్పుడు మీరు ఉంటున్న చోట వేసుకోవచ్చు. రెండేళ్ల గడువు ఉంది కాబట్టి కంగారేం లేదు. ఒక మిక్సీకి అంతదూరం వెళ్లాలా అంటే, నాకు తెలిసి చాలా గొడవలు 1915 దగ్గరే ఆగిపోతాయి.

టైమ్ వేస్ట్

నేను కంపెనీకి ఫోన్ చేయమని మొదటే చెప్పాను.

పాత క్యాషియర్ (విజయవాడ)

చెప్పారు బాబూ. సీరియల్ నంబర్, బిల్లు లేకుండా చేస్తే "డీలర్‌ని సంప్రదించండి" అంటారు, అది చెప్పలేదు.

కొత్తింటి అక్క (తెనాలి)

చివరి సంగతి చెప్పి ముగిస్తాను. పక్కా బిల్లు అడిగి, యూటీఆర్ నంబర్, సీరియల్ నంబర్ రాయమని వాట్సాప్ పెట్టాక యజమాని గారి గొంతు మారింది. బిల్లు వచ్చింది, వారంటీ కార్డు మీద ముద్ర పడింది. సర్వీస్ సెంటర్‌లో జారు అడుగున సీల్ సరిగా కూర్చోలేదని రాశారు, మోటారులోకి తడి వెళ్లిందని కూడా రాశారు. డీలరే కంపెనీతో మాట్లాడి కొత్త మిక్సీ ఇప్పించారు. 1915 దాకా వెళ్లలేదు. డబ్బు వాపసు అడుగుదామని మా చెల్లెలు అంది గానీ నాకు మిక్సీ చాలు.

చీర విషయంలో ఖమ్మం తమ్ముడి మాట సగం పనిచేసింది. చీరలు చూపించిన అమ్మాయి గుర్తుపట్టింది, ట్యాగ్ చూసి తమదేనని ఒప్పుకున్నారు. డబ్బు ఇవ్వరట. అదే ధరలో అత్తగారికి నచ్చేది దొరకలేదు. ఇంకో 1,800 వేసి ఆకుపచ్చ చీర తీసుకున్నాం. ఆవిడ దానికి కూడా అంచు సన్నమంది. ఇక నా వల్ల కాదు.

బాబాయ్ గారూ, ఇంకొక్క సందేహం. ఇప్పుడిచ్చిన బిల్లు నున్నటి కాగితం మీద ఉంది. ఇలాంటివి కొన్నాళ్లకి తెల్లబడిపోతాయి కదా?

పాత క్యాషియర్ (విజయవాడ)

అది థర్మల్ కాగితమమ్మా. దాని మీద ఇంకు ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా అక్షరాలు మాసిపోతాయి. స్టవ్ దగ్గర పెడితే కాగితం అంతా నల్లబడుతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోతుంది. ఈ రోజే ఫోటో తీసి మీ చెల్లెలికి వాట్సాప్‌లో పంపండి, ఒక జిరాక్స్ తీయించి వారంటీ కార్డుకి పిన్ను కొట్టండి.

నెల్లూరు నుంచి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. బంగారానికి కూడా ఇదేనా? మా అమ్మ గాజుల బిల్లు లేదు. మార్పిడికి వెళ్తే తరుగు ఎక్కువ తీస్తామంటున్నారు.

పాత క్యాషియర్ (విజయవాడ)

బంగారం నా కౌంటర్ కాదమ్మా, అయినా తెలిసింది చెప్తాను. గాజు లోపలి వైపు భూతద్దంతో చూడండి. హాల్‌మార్క్ గుర్తు, స్వచ్ఛత అంకె, వాటి పక్కన అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ (ఆ నగ గుర్తింపు నంబర్) ఉన్నాయేమో. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు హాల్‌మార్క్ నగలు ఆ కోడ్‌తోనే అమ్మాలి. కోడ్ ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, నగ స్వచ్ఛత, హాల్‌మార్క్ చేసిన కేంద్రం వస్తాయి. అప్పుడు స్వచ్ఛత గురించి వాళ్లు నోటికొచ్చింది చెప్పలేరు. పాత గాజులైతే కోడ్ ఉండదు. అలాంటప్పుడు షాపువాడి మాట మీద కరిగించనివ్వకండి. ముందు హాల్‌మార్కింగ్ కేంద్రంలో మీరే పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని రెండు మూడు షాపుల్లో ధర అడగండి. తరుగు ఎంతన్నది ప్రతి షాపులోనూ రాయించుకోండి, ఆ తర్వాతే గాజులు బయటికి తీయండి.